తప్పంతా కార్బురేటర్‌దేనట

బండి స్టార్ట్ కాకపోతే కార్బురేటర్. స్టార్టయి ఆగిపోతే కార్బురేటర్. మైలేజీ రాకపోతే కార్బురేటర్. ఒకాయన హారన్ సన్నగా మోగుతోందని బండి తెచ్చి, "ఒక్కపారి కార్బురేటర్ సాఫ్ చేసి సూడు సార్" అన్నాడు. నేను చేయలేదు. పక్క వీధిలో చేయించుకున్నాడు. హారన్ ఇప్పటికీ సన్నగానే మోగుతోంది. ఆయనకు మాత్రం తృప్తిగా ఉంది.

ఈ పని నేను తాండూరులో మొదలుపెట్టి, వికారాబాద్‌లో మా ఇంటి వెనక వరండాలో ముగించాను. పోయిన ఏడాది మానేశాను. మానేశానంటే బోర్డు తీసేశాను. మనుషులు రావడం మానలేదు. కొత్త బండ్లకు కార్బురేటర్లు లేవు, పెట్రోలు సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. అలాగని నాకు శాంతి దొరకలేదు. హైదరాబాద్‌లో పాత బండ్ల మోజు పెరిగిందట. ఆ పనిలోకి దిగుతామంటూ కుర్రాళ్లు వచ్చి నా ముందు ఫోన్ పట్టుకొని కూర్చుంటారు, నేనేం చెప్పినా అందులో ఎవరో ఇంకోలా చెప్పాడంటారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

కార్బురేటర్ అంటే పిడికిట్లో పట్టే వస్తువు. ట్యాంకులో పెట్రోలు పైపు గుండా దీని అడుగున ఉన్న చిన్న గిన్నెలోకి దిగుతుంది. గిన్నె నిండగానే లోపల తేలే బుడగ ఒకటి దారి మూసేస్తుంది. ఇంజను గాలి పీల్చినప్పుడు గిన్నెలోని పెట్రోలు సన్నని ఇత్తడి రంధ్రం గుండా లేచి ఆ గాలిలో కలుస్తుంది. ఆ రంధ్రాన్నే జెట్టు అంటారు. అంతే. దీనికి సొంత బుద్ధి లేదు, ఎవరి మీదా పగ లేదు. పై నుంచి వచ్చింది కిందికి పంపుతుంది. ఇంత అమాయకమైన వస్తువును ఇంతమంది అనుమానించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ రాతలో చాలా భాగం ఒక పాత మోపెడ్ గురించి. అది మర్పల్లి దగ్గరి పల్లె నుంచి కొత్తిమీర తెచ్చి వికారాబాద్ మార్కెట్లో అమ్మే మణెమ్మది. ఆమె కార్బురేటర్‌ను నేను చాలా శ్రద్ధగా శుభ్రం చేశాను. చేసిన ప్రతిసారీ ఆమె మార్కెట్లో తన చోటు పోగొట్టుకోవడానికి ఇంకాస్త దగ్గరైంది. అది చెప్పే ముందు నాకు పని నేర్పినాయన సంగతి చెప్పాలి.

గౌస్ ఉస్తాద్

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి తాండూరు స్టేషన్ రోడ్డులోని షెడ్డులో చేరితే మా నాన్న ఏమీ అనలేదు. చాలా కాలం ఏమీ అనలేదు. ఆ షెడ్డు గౌస్ ఉస్తాద్‌ది. మనిషి మంచివాడేమీ కాదు, చెడ్డవాడూ కాదు. మా ఊరి వాతావరణం లాంటివాడు, ఎండ ఎక్కువ.

గిరాకీని, అంటే బండి తెచ్చిన మనిషిని, మాట పూర్తి చేయనిచ్చేవాడు కాదు. "బాతాఁ సున్తే బైఠే తో బండీకీ కబ్ సున్నా?" అనేవాడు. మనిషి మాటలు వింటూ కూర్చుంటే బండి మాట ఎప్పుడు వినాలని. వినడానికి గంభీరంగా ఉండేది. బండి మాట వినీ ఆయన సగం సార్లు తప్పు చెప్పేవాడు. తప్పని తేలాక బండినే తిట్టేవాడు.

తాండూరులో పని నేర్చుకోవడం వల్ల ఒక లాభం ఉంది, దుమ్ము గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నాపరాయి కోసి పాలిష్ పట్టే చోట పనిచేసేవాళ్ల బండ్లు, కరణ్‌కోట క్వారీల వైపు తిరిగే బండ్లు తెల్లగా పూజారుల్లా వచ్చేవి. ఆ దుమ్ము గోధుమపిండి కన్నా మెత్తన. దాన్ని ఆపడానికి బండికి ఒక ఫిల్టర్ ఉంటుంది. మనవాళ్లు మొట్టమొదట పీకి పారేసేది దాన్నే.

"ఫిల్టర్ తీసేస్తే పికప్ మస్తుంటది ఉస్తాద్" అన్నాడు ఒక క్వారీ పనివాడు.

"మస్తుంటది" అన్నాడు ఉస్తాద్. "ఇంజన్ మాత్రం వానలు పడేదాకనే ఉంటది."

ఆయన కార్బురేటర్ గిన్నె విప్పి అరచేతిలో బోర్లించాడు. దుమ్మూ నీళ్లూ కలిసి గట్టిపడ్డ ఒక బిళ్ల గిన్నె ఆకారంలోనే ఊడిపడింది. దాన్ని ఆ మనిషి చేతిలో పెట్టి, "తీస్కపో. ఇల్లు కడుతున్నవంట గద, పునాదికి పనికొస్తది" అన్నాడు. ఆ మనిషి దాన్ని జేబులో వేసుకున్నాడు కూడా. ఫిల్టర్ మాత్రం పెట్టించుకోలేదు.

ఉస్తాద్‌కు ఒక పాడు అలవాటుండేది. బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి, ప్రతి జెట్టులోనూ పొడిచేవాడు. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టిది. మూసుకున్న రంధ్రం తెరుచుకునేది, దాంతో పాటు పెద్దదయ్యేది. బండి వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లి, కొన్నాళ్లకు పెట్రోలు నీళ్లలా తాగుతూ తిరిగొచ్చేది. అప్పుడు కొత్త జెట్టు వేసేవాడు, దాన్నీ పొడిచేవాడు. జెట్టును పెట్రోల్లో నానబెట్టి గాలి కొడితే చాలు. తీగ పెట్టాలనిపించినప్పుడు చేతులు జేబులో పెట్టుకోండి. ఆయన దగ్గర నేర్చుకున్నది సగం, ఆయన్ని చూసి మానేసింది సగం. రెండో సగమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇంట్లో పని, వంటింటి గిన్నెలు

తర్వాత వికారాబాద్ వచ్చి ఇంట్లోనే పని పెట్టుకున్నాను. బయటివాళ్లకు ఇది చాలా సుఖంగా కనబడుతుంది. షెడ్డు అద్దె లేదు, పైన ఉస్తాద్ లేడు. వాళ్లు మా ఆవిడ సరోజను లెక్కలోకి తీసుకోరు.

కార్బురేటర్ శుభ్రం చేయాలంటే గిన్నెలు కావాలి. ఇంట్లో గిన్నెలుంటాయి. గొడవ ఇక్కడ మొదలవుతుంది. పాతబడ్డ ఒక స్టీలు గిన్నె తీసుకున్నాను, అది పాతబడలేదని తర్వాత తెలిసింది. ఒకరోజు మా తోడల్లుడు భోజనానికి వచ్చి చారు రెండోసారి పోయించుకోబోయి ఆగాడు. "ఏమైంది?" అంది సరోజ. "ఏం లేదు వదినా. పెట్రోలు బంకుల నిలవడ్డట్టున్నది" అన్నాడు. ఆ సాయంత్రమే నా గిన్నెలు వేరు, మూకుడు వేరు, నిమ్మకాయలు వేరు అయ్యాయి. ఈ పనిలోకి వచ్చేవాళ్లు మొదట కొనాల్సింది పానా సెట్టు కాదు, సొంత గిన్నె.

చింతపండు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మనవాళ్లే చేసే పని. మన ఇళ్లలో ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండుతో తోముతాం, మెరుస్తుంది. కార్బురేటర్‌లోనూ ఇత్తడి ఉంది. కాబట్టి ఒక లెక్చరర్ తన తండ్రి నాటి బండి కార్బురేటర్‌ను ఒక పాలిథిన్ సంచిలో మూటకట్టి తెచ్చాడు.

"రాత్రంత నానబెట్టిన సార్."

"ఎందులో?"

"చింతపండు రసంల. మా అమ్మ చెంబులు గట్లనే తోముతది."

"చెంబు మెరుస్తుంది. ఇది చెంబు కాదు."

"మరేంది?"

"నిన్న సాయంత్రం దాకా కార్బురేటర్."

జెట్లు బంగారంలా మెరుస్తున్నాయి. వాటిని పట్టుకొని ఉండాల్సిన ఒళ్లు మాత్రం అమ్మవారు పోసిన మొహంలా గుంటలు పడింది. ఆ ఒంటిలో జింకు ఉంటుంది, పులుపుకు జింకు ఆగదు. కాసేపు గోరువెచ్చని నిమ్మరసంలో ముంచి, వెంటనే కడిగి ఆరబెడితే పైన పట్టిన తెల్లటి బూజు పోతుంది. పొద్దున్న చూద్దాంలే అని పడుకుంటే పొద్దున చూడటానికి ఏమీ ఉండదు. నా డిగ్రీ నాకు నేరుగా పనికొచ్చింది ఆ రోజే. వస్తువు ఎలా పోయిందో సమీకరణంతో సహా చెప్పగలిగాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, లెక్చరర్ కదా.

ఇక ఇప్పటి కుర్రాళ్ల జబ్బు వేరు, మెరుగు. కార్బురేటర్‌ను అద్దంలా చేసి, ఫొటో తీసి పంపుతారు. ఒకడు తెచ్చినదాంట్లో నా ముఖం కనబడింది, లోపలి దారుల నిండా పాలిష్ మైనం కనబడింది. కార్బురేటర్ పని చేసేది లోపల. బయట నల్లగా ఉన్నా అది ఏమీ అనుకోదు.

మణెమ్మ జాగ

వికారాబాద్ మార్కెట్ బయట రోడ్డువార కూర్చొని కూరలూ పండ్లూ అమ్మే ఆడవాళ్లకు నంబర్లు లేవు, గీతలు లేవు. ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది వాళ్లలో వాళ్లకున్న కట్టుబాటు. ఏళ్లుగా ఒక చోట కూర్చునే మనిషి కోసం ఎదురుగోడ మీద ఎండ పడేదాకా ఆ చోటు వదిలేస్తారు. ఎండ పడ్డాక కూడా రాకపోతే ఎవరైనా గోనె పరుచుకోవచ్చు. అలా వేరే మనిషి తరచుగా కూర్చుంటూ పోతే, చోటు ఆమెదైపోతుంది. దీని మీద గొడవలుండవు. గొడవకు వెళ్తే మిగతావాళ్లే "టైముకు రావొద్దా?" అంటారు.

మణెమ్మ చోటు మూసి ఉన్న ఒక షాపు రేకుల కింద, బస్సు దిగేవాళ్లకు మొదట కనబడే మూలన. ఆమె అత్త కూర్చున్న చోటు. నీడ ఉంటుంది, కొత్తిమీర వాడదు. అక్కడి నుంచి లేస్తే మిగిలింది లోపల మురికి కాలువ పక్క జాగ. అక్కడ మధ్యాహ్నానికల్లా కొత్తిమీర పశువుల మేతగా మారుతుంది.

నలభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఒక మధ్యాహ్నం మోపెడ్‌ను నెట్టుకుంటూ మా గేటు ముందు ఆపింది.

"బండి ఆగుతున్నది సార్. దినాం ఆగుతున్నది."

"ఎక్కడ?"

"నడుమిట్ల."

"నడుమంటే?"

"మా ఊరికీ వికారాబాద్‌కూ నడుమ. జరసేపు నిలవడి, దేవునికి మొక్కి, పెట్రోలున్నదో లేదో సూసి కొడితే స్టార్టయితది. జర దూరం పోయి మల్ల ఆగుతది. కార్బురేటర్ సాఫ్ చెయ్యాలంట, అందరు అంటున్నరు."

ఈ నాలుగు మాటల్లో జబ్బు మొత్తం ఉంది. నేను అందులో "జరసేపు నిలవడి" అన్న ముక్క మాత్రం తీసుకున్నాను. ఇంజను వేడెక్కి ఆగుతోంది, చల్లారాక నడుస్తోంది అనుకున్నాను. అలాంటి బండ్లు చాలా చూశాను కాబట్టి ఇదీ అదే అయింది. అనుభవం వల్ల కలిగే నష్టం ఇదే, ఎవరూ ముందు చెప్పరు.

కార్బురేటర్ విప్పాను. నిజానికి బాగానే ఉంది. అయినా శుభ్రం చేశాను. మా వీధిలో అటూ ఇటూ తిప్పితే పిల్లిలా నడిచింది. మళ్లీ వచ్చింది. గిన్నెలోని బుడగ, దాంతోపాటు పెట్రోలు దారి మూసే సూది మార్చాను. మళ్లీ వచ్చింది. నా దగ్గరున్న వేరే కార్బురేటర్ బిగించాను. మా ఇంటి ముందు శబ్దం వింటుంటే నాకే ముచ్చటేసింది. మణెమ్మకు వేయలేదు.

"నీ ఇంటి ముందట మంచిగనే నడుస్తది సార్" అంది. "నీ ఇంటి ముందట నేను కొత్తిమీర అమ్ముతనా?"

తర్వాత గేటు పట్టుకొని కాస్త నెమ్మదిగా చెప్పింది. ధారూర్ నుంచి వచ్చే ఈశ్వరమ్మ, ఇన్నాళ్లూ కాలువ పక్క కూర్చున్న మనిషి, ఈ మధ్య ఎండ పడగానే ఆమె చోట్లో గోనె పరుస్తోందట.

"ఆమెను ఏమంట సార్? నేనున్నా గదే చేస్తుంటి. 'నువ్వు రాకపోతే జాగ ఖాళీగుంటదా వదినా' అంటది. పక్కపొంటి వాళ్లు గూడ అంటున్నరు, ఇంకోపారి లేటైతే ఇగ ఈశ్వరమ్మనే కూసోనియ్యుండ్రని. మా అత్త కూసున్న జాగ సార్ గది."

నాకు జాలి కన్నా విసుగు ఎక్కువ కలిగింది, అది దాచను. బాగున్న కార్బురేటర్‌ను ఎన్నిసార్లు బాగుచేయాలి? తోలడం రాక ఆపుకుంటోందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. వెనక కూర్చొని వచ్చి, తప్పు ఆమెదేనని చూపిద్దామనుకున్నాను. మర్పల్లిలో మా బావమరిది ఉన్నాడు. ముందురోజు సాయంత్రం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను.

కొత్తిమీర కట్టల మధ్య

తెల్లవారుజామున మా బావమరిది నన్ను మణెమ్మ వాకిట్లో దింపి వెళ్లిపోయాడు. ఆమె బండికి స్నానం చేయిస్తోంది. తడి పసుపు తీసి హ్యాండిల్‌కు రాసింది, లైటుకు రాసింది, ట్యాంకు మూత మీద గుండ్రంగా మెత్తి దాని నడుమ కుంకుమ పెట్టింది. ఊదుబత్తి తిప్పింది.

"నువ్వు గూడ వస్తున్నవని ఇయాల జర ఎక్కువనే పెట్టిన సార్. ట్యాంకు గూడ నిండ పోయిచ్చిన."

నేను అభ్యంతరం చెప్పలేదు. నా వైద్యం కన్నా దానికి ఖర్చు తక్కువ. మన దగ్గర పసుపు లేని బండిని చూస్తే అనుమానించాలి గానీ, ఉన్న బండిని ఎవరు చూస్తారు?

ముందు ఒక మూట, వెనక రెండు మూటలు, వాటి మధ్య నేను. తడి కొత్తిమీర మీద కూర్చుంటే ఎలా ఉంటుందో రాయడం బాగుండదు. ఆమె తోలడం చూసి నాకు ఆశాభంగమైంది. చక్కగా తోలుతోంది. గుంతల దగ్గర నెమ్మదించింది, కుక్కలను తిట్టింది, ఎక్కడా అనవసరంగా గుంజలేదు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

కొంత దూరం వెళ్లాక బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది. మణెమ్మ కాళ్లు నేలకు ఆనించీ ఆనించకముందే చేయి ట్యాంకు మూత మీదికి పోయింది.

"ముట్టకు" అన్నాను.

"పెట్రోలు సూడాలె గద సార్."

"నిండా పోయించానన్నావు కదా?"

"పోయిస్తే మాత్రం? సూస్తెనే స్టార్టయితది."

నేను కొత్తిమీర మీంచి దిగాను. సూస్తెనే స్టార్టయితది. ఈ మాట నాకు మొదటి రోజే చెప్పింది.

కార్బురేటర్ అడుగున పెట్రోలు వంపే స్క్రూ ఉంటుంది. విప్పాను. రెండు చుక్కలు రాలి ఆగిపోయాయి. పైన ట్యాంకు నిండుగా ఉంది, కింద గిన్నె ఎండిపోయింది. పైపు పీకి చూశాను, అందులోంచీ ఏమీ రావడం లేదు. ఈలోగా ఆకాశం తెల్లబడుతోంది. పాలబండి మమ్మల్ని దాటింది. కూరగాయల ఆటో దాటింది, అందులోంచి ఎవరో "మణెమ్మక్కా, మల్లనా?" అని అరిచారు.

"తెల్లారుతున్నది సార్. మూత తియ్యనియ్యి."

"ఒక్క నిమిషం."

"నీ నిమిషాలు నాకెర్కనే."

మూతను మెల్లగా తిప్పాను. ట్యాంకు సుయ్యిమని గాలి పీల్చింది, చాలాసేపు ఊపిరి బిగబట్టిన మనిషిలా. వెంటనే పైపులోంచి పెట్రోలు నా చెప్పుల మీద ధారకట్టింది.

మూత నడుమ పసుపు, దాని మీద కుంకుమ, దాని కింద పాత పసుపు, పాత కుంకుమ. గోకితే రాలేదు. "పిన్నీసు ఉందా?" అంటే గాజులకు తగిలించుకున్నది తీసిచ్చింది. గుచ్చి తిప్పితే పసుపు పెచ్చు ఊడింది. కింద ఒక చిన్న రంధ్రం, సరిగ్గా బొట్టు పెట్టే చోట.

ట్యాంకులోంచి పెట్రోలు దిగే కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి పోవాలి. పోకపోతే కాసేపటికి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపలున్న గాలి తక్కువ, ఇంకా తొందరగా ఆగుతుంది. బండి ఆగుతుందన్న భయంతో ఆమె ట్యాంకు నింపేది. ఆగాక పెట్రోలుందో లేదోనని మూత తీసేది, గాలి దూరేది, బండి నడిచేది. మెకానిక్ దగ్గరికి తెస్తే వాడు మొదట చేసేది మూత తీసి చూడటం. నేనూ అదే చేశాను. జబ్బును తీసి పక్కన పెట్టి, జబ్బు కోసం వెతికాను. మా వీధి పొడవు ఆ గాలి అయిపోయేంత లేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకేం మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. బండి రాగానే దేన్నీ విప్పకండి, మూత కూడా. ఎక్కడ ఆగుతుందో అక్కడికి వెళ్లి, అది ఆగేదాకా వెనక కూర్చోండి. ప్యాంటు తడుస్తుంది, తప్పదు.

"పసుపుతోనా సార్?" అంది మణెమ్మ.

"పసుపుతోనే."

"బండి ఆగుతున్నదనే గద నేను దినాం పెడుతున్న."

"తెలుసు."

"మూత మీద పెడితే పెట్రోలు ఎక్కువ దినాలు వస్తదని మా యారాలు చెప్పింది."

"నిజమే చెప్పింది. అసలు ఖర్చే కాలేదు కదా."

ఆమె నవ్వలేదు. హ్యాండిల్‌కు ఎంతైనా పెట్టుకో, మూతకు మాత్రం వద్దన్నాను. "దేవునికి కోపం రాదా?" అంది. హ్యాండిల్ పట్టుకుంటే బండంతా పట్టుకున్నట్టే అన్నాను. ఇది కెమిస్ట్రీలో లేదు గానీ ఆమె ఒప్పుకుంది.

అక్కడి నుంచి వికారాబాద్ దాకా బండి ఎక్కడా ఆగలేదు. మార్కెట్ చేరేసరికి ఎదురుగోడ మీద ఎండ సగం దాకా దిగి ఉంది. రేకుల కింద ఈశ్వరమ్మ, ఆమె వంకాయలు. మణెమ్మ ఇంజను ఆపకుండా ఆమె ముందు నిలబెట్టింది.

"ఇగో సూడు ఈశ్వరమ్మా. నడుస్తున్నది."

"నడిస్తే మంచిదే వదినా. దినాం ఏదో ఒకటి చెప్పబడ్తివి."

"ఇయాల గీ మెకానిక్ సారే తొవ్వల ఆపిండు."

అందరూ నన్ను చూశారు. నేను కూరగాయలు చూశాను. అరటిపండ్ల ముసలమ్మ, అక్కడ అందరి కన్నా ముందు నుంచి కూర్చుంటున్న మనిషి, కూర్చున్న చోటి నుంచే తీర్పు చెప్పింది. "లొల్లి వద్దు. రేపు పొద్దుగాల ఎవలి గోనె ముందు పడితే జాగ వాళ్లది. ఇగ మల్ల ముచ్చట లేదు."

ఈశ్వరమ్మ తలూపింది. మణెమ్మ కాలువ పక్కకు వెళ్లి గోనె పరిచింది. నా వైపు వీపు పెట్టి కట్టలు పేర్చుకుంది. తిడితే బాగుండేది.

తెల్లవారి

మర్నాడు నేను చీకటితోనే లేచి సంచి తీసుకున్నాను.

"ఎటు?" అంది సరోజ.

"కూరగాయలకు."

"మీరా?" అని అటు తిరిగి పడుకుంది. మిగతా ప్రశ్నలు తర్వాత అడగడానికి దాచుకుందని అర్థమైంది.

మార్కెట్ దగ్గర వీధిదీపం తప్ప ఎవరూ లేరు. రేకుల కింద గోనె పరిచి ఉంది. దాని మీద మణెమ్మ, కొత్తిమీర కట్టల మధ్య, ఎవరితోనైనా కొట్లాడటానికి సిద్ధపడి వచ్చి ఎవరూ దొరకని మనిషిలా కూర్చొని ఉంది. మోపెడ్ హ్యాండిల్ పసుపులో మునిగి ఉంది. మూత మాత్రం కడిగిన గిన్నెలా ఉంది.

"ఆగిందా?"

"ఆగలే" అంది చిరాగ్గా. "ఆగుతదని ఆ టైం గూడ పట్టుకొని బయల్దేరితి. ఇంత జల్ది వచ్చి ఏం జేసుడు సార్? మనిషి లేడు, కుక్క లేదు. చాయ్ హోటల్ గూడ తెరువలే. లేద్దామంటె జాగ పోతది."

నా దగ్గరికి వచ్చినవాళ్లలో బండి ఆగనందుకు ఫిర్యాదు చేసిన మనిషి ఈమె ఒక్కతే. నేను సంచి పట్టుకొని నిలబడ్డాను. కాసేపటికి రోడ్డుకు అవతల హోటల్ షట్టర్ లేచింది. మణెమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"జర కూసో సార్."

"ఎక్కడ?"

"గోనె మీద. నేను చాయ్ తాగొస్త. ఎవరచ్చినా లెవ్వకు."

కూర్చున్నాను. అప్పుడే ధారూర్ వైపు నుంచి వచ్చిన ఆటో ఆగింది. ఈశ్వరమ్మ తల మీద గంపతో వచ్చి నా ముందు నిలబడింది. గోనెను చూసింది, మోపెడ్‌ను చూసింది, చివరకు నన్ను.

"మణెమ్మేది?"

"చాయ్ తాగడానికి పోయింది."

"బండి నడిచిందా?"

"నడిచింది."

ఆమె గంప సర్దుకుంది. "మంచిదే తియ్యి. గీ ఎండాకాలమన్న నీడల కూసుందామనుకున్న" అని, కాలువ వైపు నడిచింది. ఆమె తప్పు కూడా ఏమీ లేదు. ఈ పనిలో అదొక చికాకు, చాలాసార్లు తిట్టడానికి ఎవరూ దొరకరు.

బస్సు దిగిన ఒకాయన వచ్చి కొత్తిమీర కట్ట ఎంత అన్నాడు.

"నాకు తెలియదు" అన్నాను.

"జర తగ్గించు" అన్నాడు.

ఈలోగా మణెమ్మ ఒక చేతిలో నా కోసం చాయ్ గ్లాసుతో రోడ్డు దాటి వచ్చింది. దూరం నుంచే కాలువ వైపు చూసి, అక్కడ ఈశ్వరమ్మ గంప దింపుకోవడం చూసి, అడుగు నెమ్మది చేసింది. గ్లాసు నా చేతికిచ్చింది.

"లే సార్, గిరాకీ వచ్చిండు" అంది. "గది నా జాగ."